గొడుగు ఊచ మీద తిరిగిన భూగోళం

నేను ఒక గ్లోబును. గొడుగులపేట ప్రాథమిక పాఠశాలలో, రెండో తరగతి గది మూల బల్ల మీద నా నివాసం. ఏళ్ల తరబడి ఒక సందేహం నన్ను వదలడం లేదు. పైనున్న భగవంతుడికి లోకం నాలాగే గుండ్రంగా, నీలంగా కనిపిస్తుందా? అలాగైతే ఈ పేట ఆయన కంట పడేదెలా? నా ఒంటి మీద సముద్రాలన్నీ ఉన్నాయి. గొడుగులపేట మాత్రం లేదు.

నన్ను ఏదో కార్ఖానాలో అట్టతో, జిగురుతో చేశారు. నాతోపాటు పుట్టిన భూగోళాలు ఎండలో వరసగా ఆరేవి. ప్రతిదీ తానొక్కటే ప్రపంచమనుకునేది. నేనూ అంతే. బడికి వచ్చిన కొత్తలో పిల్లలు తిప్పీ తిప్పీ నా ఇరుసు విరగ్గొట్టారు. అప్పటి హెడ్‌మాస్టరు గారు నన్ను చంకన పెట్టుకుని, ఎదురు వీధిలో గొడుగులు బాగుచేసే ముసలినాయుడి కొట్టుకు తీసుకెళ్లారు. అతను ఒక పొడుగాటి ఊచను నా పొట్టలోంచి దూర్చి నిలబెట్టాడు.

"కొత్త ఇరుసు రాగానే నీ ఊచ నీకిచ్చేస్తాను నాయుడూ" అన్నారు మాస్టారు.

ఇరుసు రాలేదు. మాస్టారికి బదిలీ అయింది, కొన్నేళ్లకు ఆయన పోయారని కబురొచ్చింది. లోకాన్ని మోస్తున్నానని మురిసిపోయే నేను అరువు ఊచ మీద తిరుగుతూ ఉండిపోయాను.

అయినా సుఖంగానే ఉండేదాన్ని, వైదేహి టీచరు వచ్చేదాకా. ఒకరోజు రమ్యశ్రీ అనే పిల్ల నన్ను అటూ ఇటూ తిప్పి, "టీచర్, ఇందులో మన పేట ఏదీ?" అంది.

"అందులో పట్టదమ్మా. పదండి, నడిచి చూద్దాం."

అంతే, పిల్లలు నా చేయి జారిపోయారు. రోజూ పేటంతా తిరిగి రావడం, నా కళ్లెదుటే అట్టపెట్టెలతో దాన్ని కట్టుకోవడం. అమ్మవారి గుడి, పిండిమిల్లు, వీధి కుళాయి, నల్లగుడ్డ కప్పిన ముసలినాయుడి కొట్టు. చుక్క నీరు రాని ఆ అట్ట కుళాయిని చూసి చప్పట్లు కొట్టారు! నా దగ్గర ఇన్ని సముద్రాలుంటే ఒక్కరూ ఇటు చూడలేదు. అసూయతో నా ఆఫ్రికా అంచు ఊడివచ్చింది. టీచరు చెమ్మ వల్ల అనుకుంది. ఫ్యాను గాలికి ఆ పేట కూలిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. ఆయన ఎందుకో పట్టించుకోలేదు.

ఈ పేటలో ఒక ఆచారం ఉంది. తొలి వాన రోజున ఎవరి గొడుగైనా ఊరికే బాగుచేస్తారు. వచ్చిన గొడుగును బాగుచేయకుండా తిప్పి పంపితే, ఆ ఏడాది కొట్టుకు కీడని నమ్మకం. పిల్లలకు అది చూపించాలని, ఆ రోజు టీచరు ముసలినాయుణ్ణి బడికే పిలిచింది. బయట వాన. గదిలో గొడుగుల గుట్ట. చివరికి రమ్యశ్రీ తన నాయనమ్మ పెద్ద గొడుగు తెచ్చింది. ఒక ఊచ విరిగిపోయి ఉంది.

ముసలినాయుడు సంచీ అంతా వెతికి దిగాలుపడ్డాడు. "ఇంత పొడుగు ఊచలు ఇప్పుడెక్కడున్నాయే గుంటా! అన్నీ మడత గొడుగులొచ్చీసినాయి. ఇన్నేళ్లలో తొలి వాన నాడు ఒక్క గొడుగూ తిప్పి పంపనేదు నాను."

అతని చూపు నా మీద పడింది. "ఓలమ్మ! అది నా ఊచే!"

"భూమి తాత గొడుగు మీద తిరుగుతోందిరోయ్!" పిల్లలు ఒకటే నవ్వు.

"తీసి పెట్టీ తాతా" అంది రమ్యశ్రీ.

"భూమి పడిపోద్దే!" అన్నాడు ముసలినాయుడు.

టీచరు నావైపు చూసింది. ఊచ పోతే నేనిక తిరగను. తిరగని గ్లోబును ఎవరు ముట్టుకుంటారు? పిల్లల్ని పట్టుకుపోయిన పేట, చివరికి నా వెన్నెముకనూ అడుగుతోంది.

"తీసుకోండి" అంది టీచరు.

ఊచ సర్రున బయటికొచ్చింది. నన్ను రెండు చేతులా పట్టుకుని, ఒక స్టీలు గ్లాసు మీద కూర్చోబెట్టింది రమ్యశ్రీ. కాసేపు చూసి, నుదుటి బొట్టు బిళ్ల తీసి నాకు అంటించింది. "ఇదే మన పేట." అది సగం రాష్ట్రాన్నీ కొంత సముద్రాన్నీ కప్పేసింది. పోనీ, దేవుడికి ఇప్పుడైనా కనిపిస్తుంది.

గుమ్మంలో నాయనమ్మ గొడుగు టపుక్కున విచ్చుకుంది. ముసలినాయుడు దాని కింద నిలబడి, నా ఊచను వేలితో మీటి చూసి, వానలోకి తలెత్తాడు.

"మాస్టారుగోరూ, ముట్టిందండీ."