ఏడవని కోడలు

మా బావగారు సన్నిపాతంతో పోయినప్పుడు మట్టెవాడ పేటంతా మా ఇంటికి వచ్చింది, ఆయన కోసం కాదు, మా అక్క ఏడుస్తుందా లేదా అని చూడటానికి. అక్క అంటే నా తోడికోడలు లక్ష్మీనర్సమ్మ. ఆమె ఏడవలేదు. పొడికళ్ళతో, పొట్ట మీద ఒక చెయ్యి అదిమిపెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. గర్భం పోయిన నాటి నుంచి ఆ చెయ్యి అక్కడే ఉంటోంది.

పరకాల నుంచి వచ్చిన ఆమె అన్న రామలింగం సిగ్గుతో చచ్చిపోయాడు.

"పెద్దకర్మ నాడన్న నలుగుర్ల ఏడ్వు చెల్లె. గట్లయితెనే నిన్ను తోల్కపోత. లేకుంటె మొగున్ని మింగినదాన్ని ఇంట్ల పెట్టుకున్నడని పరకాలంత నా మీద ఉమ్ముతది."

అక్కకు ఈ గడప దాటిపోవడం తప్ప వేరే కోరిక లేదు. ఏడుస్తానని అన్నకు మాటిచ్చింది. కానీ ఏడుపు పిలిస్తే వచ్చేదా? పాపం, వంటింట్లో చాటుగా ఉల్లిగడ్డ కూడా కళ్ళకు రుద్దుకుంది; కళ్ళు మండాయే గాని ఏడుపు రాలేదు.

ఇక మా అత్త ఖిలా వరంగల్ నుంచి చిలుకమ్మను పిలిపించింది. బాలింతలకు నూనె రుద్ది ఒళ్ళు పట్టే మనిషి. దుఃఖం లోపలే గడ్డకట్టుకుపోయిన ఆడవాళ్ళనూ ఆమెకే చూపిస్తారు. "జర ఏడ్పియ్యే చిలుకా, మా ఇజ్జత్ పోతాంది," అంది అత్త. కొడుకు పోయిన బాధ కంటే ఆమెకు ఈ బాధే పెద్దదైంది.

చిలుకమ్మ నన్నొక్కదాన్నే ఉండనిచ్చి తలుపు వేసింది. మంత్రం లేదు, తాయెత్తు లేదు. అక్కను చాప మీద పడుకోబెట్టి, పొట్ట మీది చేతిపై తన అరచెయ్యి పెట్టింది.

"ఏడ్వమని నేను చెప్ప బిడ్డా. గీ చెయ్యి దేన్ని కాస్తాంది? నోటితోని చెప్పకు. ఊపిరిని గా చెయ్యి దాంక పోనియ్యి."

ఊపిరి లోతుకు వెళ్ళేకొద్దీ అక్క కాళ్ళు దేన్నో నెట్టేయాలన్నట్టు ముడుచుకున్నాయి. చిలుకమ్మ ఆ పాదాలకు తన రెండు చేతులూ ఎదురుపెట్టి, "తన్నబుద్ధయితె తన్ను," అంది. అక్క తన్నింది. చిలుకమ్మ వెళ్ళి గోడకు తగిలింది. లేచి వచ్చి మళ్ళీ చేతులు పెట్టింది. అక్క గొంతులోంచి నేనెన్నడూ వినని అరుపు వచ్చింది.

చిలుకమ్మ చెమట తుడుచుకుంది. "నీ లోపల ఉన్నది ఏడుపు కాదు బిడ్డా, కోపం. నోరు తెరిస్తె గదే వస్తది. రానియ్యాల్నా, మూత పెట్టాల్నా? నీ ఇష్టం."

"రానీ," అంది అక్క.

పెద్దకర్మ నాడు గాజులు తీసే వేళ అక్క లేచి నిలబడింది. పొట్ట మీది చెయ్యి తీసేసింది.

"కడుపుల తన్నితివి కదరా! నా పిల్లను కడుపులనే సంపితివి కదరా! మీయమ్మ చూసుకుంట నిలబడె కదరా! పోతివి, మంచిగ పోతివి!"

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు. ఇక ఈ ఇల్లు నిలవదనుకున్నాను. ఇంటికేమీ కాలేదు. పోయినవాణ్ణి తిడుతూ ఏడవడం మా వైపు ఉన్నదే, ఎంత తిడితే అంత ప్రేమ అనుకుంటారు. ముసలమ్మలు పరుగున వచ్చి అక్క మెడ పట్టుకుని, "ఎట్ల పోతివి నా తండ్రీ" అని రాగం అందుకున్నారు. "నిజం చెప్తాన్న, ఇనుండ్రి!" అని అక్క అరిస్తే దానికీ రాగం కలిపారు. ఎవరికి వినబడకపోయినా మా అత్తకు ప్రతి మాటా వినబడింది. అయినా కొంగుతో కళ్ళొత్తుకుని, "కడుపార ఏడ్చింది నా కోడలు," అంది. యుద్ధంతో గుడ్డకు కంట్రోలు పడి రేషను మీదే దొరికే ఆ రోజుల్లో కూడా ఎక్కడిదో కొత్త చీర తెచ్చి చిలుకమ్మకు పెట్టబోయింది. చిలుకమ్మ దాన్ని ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

అక్క ముందే కట్టుకున్న మూట తీసుకుని అన్న దగ్గరికి వచ్చింది. రామలింగం కండువాతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"బావ మీద గింత పానం పెట్టుకున్నవని నాకెర్కలేకపాయె చెల్లె. నిన్ను గీ ఇంట్లకెంచి గుంజుకపోతె నాకు పాపం తగుల్తది. ఈడనే ఉండు."

ఈసారి అక్క అరవలేదు. అన్న కళ్ళలోకి చూసి మామూలు గొంతుతో చెప్పింది.

"అన్నా, నేను ఏడ్వలే. జరిగింది చెప్పిన. ఆయన తన్నిండు, పిల్ల సచ్చిపోయింది."

"దుక్కంల ఎన్నెన్నో అంటరు తల్లీ," అని రామలింగం చెప్పులేసుకున్నాడు.