చుక్కలు మానిన ఫాల్గుణం

నూజివీడు మామిడి వర్తకులలో నారాయణరావు గారి మాటకు ఎదురుండేది కాదు. పిందె దశలోనే తోటలో ఒకసారి నడిచి, ఇన్ని టన్నులు దిగుతాయని చెప్పేవారు. ఆ మాట మీదనే తోట కాపుకు గుత్త బేరం కుదిరేది. నలభై ఏళ్లలో చెప్పిన అంచనాను ఆయన ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు.

నిరుడు ఏలూరులో కంటి వైద్యురాలు ఆయనకు పక్క చూపును మెల్లగా హరించే గ్లకోమా ఉందని తేల్చి, ఉదయం, సాయంత్రం రెండు కళ్లలోనూ చుక్కల మందు వేసుకోమన్నారు. జీవితాంతం మానరాదని మరీ మరీ చెప్పారు. వేసుకున్నది మొదలు కళ్లు ఎర్రబారసాగాయి. జన్మలో మద్యం ముట్టని మనిషి. అయినా తోటల యజమానులు తన ముఖంలోకి అనుమానంగా చూస్తున్నారని ఆయనకు తోచింది. నొప్పి లేదు, చూపులో లోటూ తెలియలేదు. ఈ ఏటి కోతలు ముగిసేదాకా మందు ఆపవచ్చునని తనంతట తానే నిశ్చయించుకున్నారు. భార్య కల్యాణి అడిగినప్పుడల్లా వేసుకున్నాననే చెప్పారు.

ఫాల్గుణంలో చాట్రాయి వద్ద చలపతిరావు తోటలో వరుసల మధ్య నడిచి, పన్నెండు టన్నులన్నారు. చలపతిరావుకు ఆ లెక్క తక్కువనిపించింది.

"బాబాయి గారూ, ఎడం పక్క చెట్లు చూశారా అండీ?"

"చూడకుండానే చెప్తానా?"

అంటూ అటు తిరగబోయారు. పిందెలతో వంగిన కొమ్మ ఎడం చెంపకు కొట్టుకుంది. అది అక్కడ ఉన్నట్టే ఆయనకు తెలియలేదు.

మర్నాడే కల్యాణితో కలిసి ఏలూరు వెళ్లారు. వైద్యురాలు చూపు పరిధిని కొలిచి, మందు ఎప్పుడు మానారని అడిగారు. పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినది నిలవాలంటే చుక్కలు తప్పవని, ఎరుపు సంగతి ముందే చెప్పి ఉంటే మందు మార్చేదాన్నని అన్నారు. ఇప్పుడు మార్చి రాసిచ్చారు.

"నలుగురూ ఏమనుకుంటారోనని నాతో కూడా అబద్ధమాడారు," అన్నది కల్యాణి, బయటికి వచ్చాక.

ఆ మరునాడు చాట్రాయి బస్సెక్కారు.

"చలపతీ, నేను చెప్పిన పన్నెండు చెల్లదు. నాకు ఎడం పక్క సరిగ్గా కనపడటం లేదు. ఇంకొకరిని పిలిపించుకో."

"మీ నోట ఈ మాట వింటాననుకోలేదండీ."

"నేనూ అంటాననుకోలేదు."

చలపతిరావు తోట చివరి గట్టు వైపు చూశాడు.

"ఇంకొకరెందుకు గానీ, ఈసారి అటు చివర్నుంచి రండి. ఆ ఎడం పక్క చెట్లన్నీ మీ కుడి చేతి వైపుకొస్తాయి."

నారాయణరావు గారు గట్టు దాకా నడిచి, వెనుదిరిగి, మొదటి చెట్టు వద్ద ఆగారు. ఒకే తోటను రెండోసారి చూడడం ఆయనకు అలవాటు లేని పని. తల పూర్తిగా తిప్పి, కొమ్మ తర్వాత కొమ్మను చూడనారంభించారు.