బలం బుడిపెలు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం తీయించుకుంటాను. ముందే ఈ మాట ఎందుకంటున్నానంటే, నారుమామ సంగతి చెబితే నమ్మేవాళ్ళు తక్కువ.

నారుమామ కూరగాయల నారు పెంచి అమ్ముతాడు. ఆయన చేత్తో గుచ్చితే చీపురుపుల్ల కూడా చిగురు వేస్తుందని పేరు. ఆ పేరు తెచ్చింది ఎవరో కాదు, ఆయన నోరే.

ఆ ఏడు ఆయన టమాటా మడిలో మొక్కలు మిట్టమధ్యాహ్నానికి తలలు వాల్చేసి, పొద్దు వాలాక మళ్ళీ లేచి నిలబడుతున్నాయి.

"ఏవండీ, నీళ్ళు పెట్టిన కాసేపటికే ఇలా సొమ్మసిల్లుతున్నాయేం?" అని అడిగింది భార్య.

"కడుపునిండా తిని కునుకు తీస్తున్నాయే. నేను తియ్యనూ?"

అన్నాడే గానీ మనసు ఊరుకోలేదు. ఒక మొక్క పీకి కాలవలో జాడించాడు. వేళ్ళ నిండా పూసలు గుచ్చినట్టు బుడిపెలు! ఇంకొకడైతే గుండె బాదుకునేవాడు. నారుమామ తొడ చరిచాడు. వేరుశనగకీ అలసందకీ వేళ్ళమీద బుడిపెలుంటాయి, అవి నేలకి బలమిస్తాయి. పప్పుజాతికి పుట్టుకతో వచ్చిన ఆ విద్య తన పెంపకంలో టమాటాకి కూడా పట్టుబడిందని ఆయన మురిసిపోయాడు. సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర ఒకటే మాట: నారుమామ టమాటా తన ఎరువు తనే వండుకుంటోందట!

ఆ మాటకి అందరికన్నా ఎక్కువ పొంగిపోయినవాడు ఆయన బావమరిది. నిన్నమొన్నటిదాకా ఊరూరా లారీ తోలాడు. తోలి తోలి విసుగెత్తి, ఏళ్ళుగా బీడుపడి ఉన్న కాస్త నేల కొనుక్కుని సేద్యంలోకి దిగుతున్నాడు. మొదటి పంట టమాటా. నారు బావ దగ్గరే, ఆ మడి పక్కన ఆ మట్టిలోనే పోయించుకున్నాడు.

నారు తీసుకెళ్ళే రోజు లారీని తిన్నగా మడిలోకే దించాడు. టైర్ల నిండా బురద. నారు కట్టలు ఎక్కించాక, బావకి తెలియకుండా కాస్త బలం కూడా పట్టుకుపోదామని, ఊరివాళ్ళకి చూపించడానికి బావ పీకి గట్టుమీద పడేసిన మొక్కల దగ్గర కూర్చుని అగ్గిపెట్టెలోకి బుడిపెలు ఏరబోయాడు. చివరికి విసిగి తనే బయటపడ్డాడు.

"బావా, ఇవి మహా మొండివి. వేరు తెగుతోంది గానీ బుడిపె ఊడదేం?"

"లారీ బోల్టులు విప్పే చేతులకి బుడిపె లొంగదుట్రా? గోటితో సుతారంగా గిల్లు."

"గిల్లితే నా గోరు ఊడేట్టుంది!"

నారుమామ నవ్వబోయి ఆగిపోయాడు. అలసంద బుడిపె వేలితో రాస్తే రాలుతుంది, ఎందుకంటే అది వేరుకి పక్కన అంటుకుని ఉంటుంది. ఇది అంటుకున్నది కాదు. వేరు తనే ఉబ్బింది. అంటే లోపల నులిపురుగు కాపురం పెట్టింది. కంటికి ఆనదు. మొక్క తాగే నీళ్ళకి అడ్డుపడుతుంది. మట్టి ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది, ఒకసారి దిగాక పొమ్మన్నా పోదు.

నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది, బావమరిది చేను మునుగుతుంది. నోరు విప్పితే టీకొట్టు గుర్తొస్తోంది.

"ఒరేయ్, ఎండెక్కింది, రేపు పోరాదూ? ఇంజన్లో నీళ్ళున్నాయా? టైర్లలో గాలుందా?"

"ఇన్నేళ్ళూ లారీ తోలింది నేనా, నువ్వా?" అంటూ బావమరిది ఎక్కి కూర్చున్నాడు.

ఈలోపు భార్య కూడా ఒక వేరు గిల్లి చూసింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

నారుమామ వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడ్డాడు. "దించరా నారు. అది బలం కాదు, రోగం. నీ నేలలోకి పోయిందంటే టమాటా, వంగ, బెండ, దేన్నీ కోలుకోనివ్వదు."

"మరి ఊరందరి ముందూ తొడ కొట్టావుగా?"

"ఆ తొడా నాదే, కొట్టిన చెయ్యీ నాదే. ఇప్పుడు వేసుకునే చెంపలూ నావే."

బావమరిది నవ్వలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "దున్ని పెట్టుకున్నాను బావా. అదును పోతే నా మొదటి పంటే పోయినట్టు," అన్నాడు.

"పోనివ్వను. కొబ్బరిపొట్టు నింపిన ట్రేలలో కొత్త నారు పోస్తాను, ఈ మట్టి గాలి కూడా సోకకుండా. ఒక్క నెల ఓర్చుకో."

నారు దించారు. లారీ కంకర మీదికి ఎక్కగానే నారుమామ బకెట్టూ బ్రష్షూ పట్టుకొచ్చాడు. కడిగిన నీళ్ళు తన మడిలోకే పారేట్టు చూసుకుని, టైరు తర్వాత టైరు, అన్నీ తనే తోమాడు.

"బావ చేత బండికి కాళ్ళు కడిగించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే!"

"నోర్ముయ్. ఆ చెప్పులు కూడా ఇటు విసురు."

తర్వాత దించిన నారునీ, మడిలో మొక్కల్ని వేళ్ళతో సహా పీకి వాటినీ కాల్చేశాడు. ఎండాకాలంలో నేల తడిపి, పల్చటి ప్లాస్టిక్ పట్టా కప్పి, వారాల తరబడి ఉడికించాడు. వేపపిండి కలిపి, మడంతా బంతి నాటాడు. బంతివేరంటే ఆ పురుగుకి గిట్టదు. పూర్తిగా పోయిందా అంటే పోలేదు, తోక ముడిచింది.

"ఏం నారుమామా, ఈసారి టమాటాకి బంతిపూలు పూశాయేం?" అన్నారు టీకొట్టు దగ్గర.

"పూయవూ మరి! నా నేల అలాంటిది," అన్నాడు, కొంచెం కూడా తడుముకోకుండా.

ట్రేలలో పోసిన కొత్త నారుతో వేసిన పంట కోతలన్నీ అయ్యాక, బావమరిది ఒక మొక్క పీకి తెచ్చి బావ ముందు పెట్టాడు. వేళ్ళు తెల్లగా, దారాల్లా ఉన్నాయి. "చూడు బావా, ఒక్క బుడిపె లేదు. బొత్తిగా బలం లేని మొక్కనిచ్చావు నాకు!"

నారుమామ ఆ వేళ్ళని గోటితో గిల్లి చూసి మరీ నవ్వాడు.

ఇక మీసం సంగతి. నాకు మీసం ఎన్నడూ లేదు కనక ధైర్యంగా చెప్తున్నాను, కథలో ఒక అబద్ధముంది. టైర్లన్నీ నారుమామే కడిగాడన్నది నా కల్పన. మొదటి టైరుకే ఆయన నడుం పట్టేసింది. మిగతావన్నీ తిట్టుకుంటూ కడిగినవాడు బావమరిదే. బకెట్టు మాత్రం బావ పట్టుకున్నాడు.