కవరు విప్పని పరుపు

నేను ఒక పరుపును. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఎనిమిదంగుళాల మందం. ఊరి చివర ఓ కార్ఖానాలో ఏవో రెండు ద్రవాలు కలిపి అచ్చులో పోస్తే, ఇడ్లీ పిండి పొంగినట్టు పొంగి పుట్టాను. కోశారు, గుడ్డ తొడిగారు, పైన దళసరి ప్లాస్టిక్ కవరు బిగించారు. దారిలో దుమ్ము పడకుండా కాబోలు అనుకున్నాను. ఎంత అమాయకత్వం! కవరుతో వచ్చిన వస్తువు చేత కవరుతోనే కాపురం చేయిస్తారు మనుషులు. ఆ సంగతి నాకు అప్పటికి తెలీదు.

అమలాపురంలో ఓ దుకాణంలో గోడకు నిలబెడితే, భ్రమరాంబ వచ్చి చూసింది. యాభై దాటిన మనిషి. భర్త పోయి రెండేళ్లు. రాజోలు దగ్గర గోదావరి గట్టున ఇల్లు. ముందు గదిని సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకిద్దామని ఆవిడ ఆలోచన.

"పడుకుని చూడండమ్మా, మొహమాటపడకండి" అన్నాడు దుకాణంవాడు.

ఆవిడ ముఖం కందగడ్డయిపోయింది. "ఇంతమంది మగాళ్ల మధ్య పడుకోడమేంటయ్యా, చోద్యం కాపోతే!" అని, వంకాయ ముదిరిందో లేదో చూసినట్టు బొటనవేలితో నాలుగు చోట్ల నొక్కి, బాగుందంది. ఒళ్లంతా వాల్చాల్సిన దాన్ని బొటనవేలితో తేల్చేసింది మహాతల్లి.

ఇంటికొచ్చాక నాకు రాజభోగమే అనుకోండి. టేకు మంచం ఎక్కించింది. కవరు మాత్రం విప్పలేదు. "వచ్చేవాళ్లు కాఫీ ఒలకబోస్తారు" అంది. దాని మీద గంజి పెట్టి ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచింది. ఆ దుప్పటి అంచు తగిలితే చెయ్యి గీరుకుపోవాలి. దిండ్లలో బూరుగుదూది మోకాలితో అదిమి మరీ కూరింది. మనసు నిండా మర్యాదే పాపం. తను మాత్రం హాల్లో చాప మీద, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత దుప్పటి కప్పుకుని పడుకునేది. ఒక్కపూట కూడా నా మీద కూర్చోలేదు.

ఇక్కడో చిక్కుంది. మరిది నూకరాజుకు రొయ్యల చెరువులున్నాయి. మేత బస్తాలు దాచుకోడానికి చోటు లేదు. "ఆ గది ఊరికే పడుంది వదినా. ఇల్లంతా గోడౌన్ చేసేద్దాం. మీరు మా ఇంటికొచ్చేయండి, వెనక గది ఖాళీయే" అన్నాడు. చెడ్డవాడు కాదు, వదినంటే గౌరవమే. కానీ తను కాపురం చేసిన ఇంట్లో బస్తాలు పెట్టి, బతికినన్నాళ్లూ ఇంకొకరి వెనక గదిలో ఉండాలంటే భ్రమరాంబకు మనసొప్పలేదు. ఒక్క అవకాశం ఇమ్మని బతిమాలింది.

విశాఖపట్నంలో పర్యాటకులను పంపే సంస్థ ఒకటుంది. అందులో పనిచేసే సువర్చలగారు శనివారం వచ్చి గది చూస్తారు. ఆవిడ సరేనంటే శీతాకాలమంతా అతిథులు. కాదంటే గోడౌనే. "నాలుగింటికి మేత బండితో వస్తాను వదినా. ఆవిడ ఊఁ అంటే బండి వెనక్కి తిప్పేస్తాను" అన్నాడు నూకరాజు. ఆ వారమంతా భ్రమరాంబ కంటిమీద కునుకు లేదు. చాప మీద ఆవిడ అటూ ఇటూ పొర్లడం నాకు వినబడుతూనే ఉండేది.

శనివారం రానే వచ్చింది. సువర్చలగారు పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. "గంటసేపు పడుకుంటానండీ. నాకు అన్నిటికన్నా మంచమే ముఖ్యం" అని గదిలోకొచ్చి తలుపేసుకున్నారు. గోడ గడియారంలో రెండున్నర.

ఆవిడ నా మీద వాలగానే కవరు కరకరమంది. అటు తిరిగితే కరకర. ఇటు తిరిగితే కరకర. కదలకమ్మా తల్లీ అని లోలోపల దణ్ణాలు పెట్టుకున్నాను. ఆవిడ వీపు చెమటతో తడిసి దుప్పటి కవరుకు అంటుకుపోయింది. దిండు కింద చెయ్యి పెట్టి చూశారు, దిండు తీసేసి చూశారు, మళ్లీ పెట్టుకున్నారు. తలుపవతల భ్రమరాంబ చెవి ఒగ్గి నిలబడి ఉందని నాకు తెలుసు. నేనేం చెయ్యను? నోరా లేదు, కవరు చింపుకోడానికి గోళ్లా లేవు.

మూడింటికే సువర్చలగారు లేచి తలుపు తీశారు. ఆ ముఖం చూడగానే భ్రమరాంబకు అర్థమైపోయింది.

"నిద్ర పట్టలేదాండీ?"

"కూర అద్భుతమండీ. మంచం మీద మాత్రం గట్టున పడ్డ చేపలా కొట్టుకున్నాను." నా వైపు చూపిస్తూ, "మీరెప్పుడైనా దీని మీద పడుకున్నారా?" అనడిగారు.

"అయ్యయ్యో, మీలాంటోళ్ల కోసం కొన్నదండీ! మేమెలా పడుకుంటామండీ?"

"ఇప్పుడు పడుకోండి."

భ్రమరాంబ బిక్కచచ్చిపోయింది. పరాయి మనిషి ఎదుట మంచం ఎక్కడమా! అయినా ఇల్లు పోయేటట్టుంది, సిగ్గుపడే వేళ కాదు. ఎక్కి పడుకుంది. కరకర. మోచెయ్యి దుప్పటికి గీరుకుంది. మెడ పట్టేసినట్టయింది. పడుకున్నదల్లా దిగ్గున లేచి కూర్చుంది.

"ఓరి దేవుడా! దీని మీదా మిమ్మల్ని పడుకోబెట్టాను?"

వంటింట్లోంచి కూరల కత్తి తెచ్చింది. కవరు మీద పెట్టింది గానీ కొయ్యడానికి చెయ్యి రాలేదు. "పాడైపోద్దేమోనండీ" అంది.

"పాడవనివ్వండి. పడుకోడానికేగా కొన్నారు!"

భ్రమరాంబ కళ్లనిండా నీళ్లు. "మావారికి పడక్కుర్చీ కొన్నానండీ. పాడవుద్దని దానికీ కవరు తియ్యనివ్వలేదు. ఆ కుర్చీ కొత్తగానే ఉందండీ. ఆయనే లేరు."

అని సర్రున కోసేసింది. అబ్బ! ఏడు నెలల తర్వాత నాకు గాలి తగిలింది. దిండు కుట్టు విప్పి సగం దూది తీసేసింది. గంజి దుప్పటి అవతల పారేసి, తన నేత దుప్పటే తెచ్చి పరిచింది.

"మళ్లీ పడుకుని చూడండి. మీకు బాగుంటేనే నాకు చెప్పండి" అన్నారు సువర్చలగారు.

"రెండు నిమిషాలేనండీ" అంటూ వాలింది. ఆ రెండో నిమిషం ఆవిడ చూడలేదు. చెయ్యి మంచం మీంచి వేలాడిపోయింది, నోరు కాస్త తెరుచుకుంది. సువర్చలగారు ఫ్యాను పెంచి, ఆ చెయ్యి తీసి పైన పెట్టి, కుర్చీలో కూర్చున్నారు.

సరిగ్గా నాలుగింటికి వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. నిండా మేత బస్తాలు.

"వదినా! ఏమన్నారు ఆవిడ?" నూకరాజు గొంతు ఊరంతా వినబడేలా ఉంది.

సువర్చలగారు గబగబా గుమ్మంలోకెళ్లి నోటి మీద వేలు పెట్టారు. "మెల్లగా మాట్లాడండి. లోపల అతిథి పడుకున్నారు."

అతిథి ఈవిడే కదా, మరి లోపలెవరని నూకరాజు తొంగి చూశాడు. చూసి అలాగే నిలబడిపోయాడు. అన్న పోయాక వదిన ఇంత ఆదమరిచి పడుకోవడం అతను చూడలేదు మరి. చెప్పులు చేత్తో పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. డ్రైవరు తాళం తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"స్టార్ట్ చెయ్యకురా, వదినకి మెలకువొచ్చేద్ది. వీధి చివరి దాకా తోసుకుపోదాం పట్టు."

అంత బరువున్న బండిని ఇద్దరూ చప్పుడు కాకుండా తోసుకుపోయారు.

అది జరిగి మూడేళ్లు. కాఫీ మరకలు రెండున్నాయి నా మీద, మామిడిరసం మరక ఒకటి. ఎందరొచ్చి పడుకున్నా, ప్రతి అతిథికి ముందు భ్రమరాంబ నా మీద ఒక గంట పడుకుంటుంది. "పరీక్ష చేస్తున్నా" అంటుంది. ఆ పరీక్షలో గుర్రు కూడా పెడుతుంది. నేను ఎవరికీ చెప్పను.