గోలు ముందరి గడ్డి

జురెమా గోల్‌కీపర్ పసుపు చొక్కాను మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. మొదటిసారికే మడతలన్నీ పోయాయి. చేతులు ఊరుకోక చేస్తోంది. తకువారల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ల బట్టలు ఉతకడం ఆమె పని. లావుపాటి మనిషి, సబ్బునీళ్లకు పగిలిన వేళ్లు, కాళ్లకు అరిగిన రబ్బరు చెప్పులు.

సాయంత్రం రాష్ట్ర చాంపియన్‌షిప్‌లో ఆఖరి ఆట. డ్రా అయినా చాలు, పై డివిజన్‌లో నిలుస్తారు, క్లబ్బు ఏడాదంతా నడుస్తుంది. ఓడితే వచ్చే జనవరి దాకా గేటుకు తాళమే. ఆటగాళ్లు ఎక్కడ పని దొరికితే అక్కడికి పోతారు. గోల్‌కీపర్ ఎడివాన్ కూడా పోతాడు. పిల్లలు లేని జురెమా బెంగంతా వాడి గురించే.

తక్కినవాళ్ల సంచులు, ఆట కాగానే ఊరు విడిచిపోవడానికి, అప్పుడే బస్సెక్కేశాయి. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది.

"ఆడకముందే మూటలు కట్టేశారేంట్రా, సిగ్గులేని వెధవల్లారా!"

"నేను కట్టలేదుగా అత్తా," అన్నాడు ఎడివాన్ కాఫీ ఊదుకుంటూ. "నీ కాఫీ వదిలి ఎక్కడికి పోతాను?"

ఇంతలో మైదానం చూసుకునే ఒస్మార్ తల గోక్కుంటూ వచ్చాడు. "ఆ గేటు వైపు గోలు ముందర గడ్డంతా మాడి చచ్చిందే జురెమా. నీళ్లు పెట్టాను, ఎరువేశాను. ఏం రోగమో!"

"ఎండలే," అంది ఆమె తలెత్తకుండా.

రెండో సగంలో ఎడివాన్ కాసే గోలు అదే. వాడికి దిష్టి తగలకూడదని సీజన్ మొదలైన దగ్గర్నుంచి ప్రతి ఆటకు ముందూ, ఎవరూ చూడకుండా, అక్కడ గుప్పెడు రాళ్లుప్పు చల్లుతోంది. ఉప్పుకు గడ్డి చస్తుందని ఆమెకు తట్టనేలేదు. ఇప్పుడు తట్టింది. అయినా ఈ ఒక్కరోజు మానేస్తే ఏ కొంప మునుగుతుందోనని భయమేసి, మధ్యాహ్నం వెళ్లి ఇంకాస్త ఎక్కువే చల్లి వచ్చింది.

ఆట ముగియబోతోంది. ఇంకా ఎవరూ గోలు కొట్టలేదు. అవతలివాడెవడో దూరం నుంచి బంతిని తన్నాడు, దమ్ములేని దెబ్బ. ఎడివాన్ మోకాళ్లు వంచి చేతులు చాచాడు. బంతి బోడినేల మీద పడి, గతుక్కి ఎగిరి, అతని భుజం మీదుగా వలలో పడింది. జనం ఎడివాన్ తల్లిని తిట్టారు. నేలను ఒక్కరూ తిట్టలేదు.

ఆట ఓడిపోయాక, బస్సు దగ్గర జురెమా వాడి చెయ్యి పట్టుకుంది. "ఉప్పు నేనే చల్లానురా, నీకు దిష్టి తగలకూడదని. గడ్డి నావల్లే చచ్చింది. తప్పు నీది కాదు."

ఎడివాన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఎంత పని చేశావత్తా!" అన్నాడు. వంగి ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి బస్సెక్కేశాడు.

విడిచిన బట్టలు ఏరుకోవడానికి ఆమె స్నానాల గదిలోకి వెళ్లింది. గూట్లో ఎడివాన్ సబ్బు ఉంది. కొత్తది, ఇంకా చాన్నాళ్లు ఇక్కడే ఉండేవాడిలా ఆరోజే విప్పినట్టున్నాడు. దానిమీది అక్షరాలు ఇంకా అరగలేదు.