విందు కోసం ఖాళీ చేసిన ఫ్రీజరు

ఏడెన్ రేవు పట్టణంలో ఎండాకాలం కరెంటు పేరుకే ఉంటుంది. పరిశోధనా కేంద్రంలో మాత్రం ఎండతో నడిచే పెద్ద ఫ్రీజరొకటి ఉంది. యుద్ధంలో చితికిన దేశంలో పరిశోధన పెంచుతామంటూ ఒక విదేశీ సంస్థ ఇచ్చింది. అందులో డాక్టర్ నష్వాన్ కలరా రోగుల మలం నమూనాలు దాచుకున్నాడు. కాల్పులు సద్దుమణిగినప్పుడల్లా ఊరూరా తిరిగి రెండేళ్లుగా పోగుచేసినవి. ఇప్పుడిస్తున్న మందు కలరా మీద ఇంకా పనిచేస్తోందో లేదో వాటిని పరీక్షిస్తే తేలుతుంది. ఇన్నాళ్లూ పరీక్ష సామాను లేదు. ఇవాళ ఆ సంస్థ అధికారిణి ఎల్స్‌బెత్ స్వయంగా పట్టుకొచ్చింది.

అందుకే నష్వాన్ ఆ మధ్యాహ్నం ఇష్టంగా భోజనానికి కూర్చున్నాడు. కేంద్రం పెద్ద అబ్దుల్ ఖవీ అందరినీ పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టి, అన్నం మీది గొర్రె మాంసం తన చేత్తో చీల్చి, మంచి ముక్కలు ముందు ఎల్స్‌బెత్‌కీ ఆ తర్వాత నష్వాన్‌కీ పెట్టాడు. నష్వాన్ వద్దనకుండా లాగించాడు.

తన విమానం రెండు రోజులు ఆలస్యమైనా, ఈ ఎండల్లో మాంసం ఇంత బాగా ఎలా ఉందని ఎల్స్‌బెత్ మెచ్చుకుంటూ అడిగింది.

అబ్దుల్ ఖవీ మీసం దువ్వుకున్నాడు. "అంతా మీ దయే మేడమ్. గొర్రెల్ని కోయించాక తెలిసింది మీరు రావట్లేదని. పారేసుకుంటామా? మీరిచ్చిన ఫ్రీజర్లోనే పెట్టించాను."

నష్వాన్ నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోయింది. "ఉస్తాద్, అందులో నా సీసాలుండాలి కదా?"

"తీయించి వెనక వరండాలో పెట్టించానయ్యా. ఒక్కటీ పగల్లేదు, కంగారుపడకు."

నష్వాన్ వరండాలోకి పరిగెత్తాడు. అట్టపెట్టెలు నాని కుంగిపోయాయి. సీసాల మూతలు ఉబ్బి, కొన్ని ఊడి, ఈగలు ముసురుతున్నాయి. కంపుకి కళ్ళు మండాయి. ఒక్కటీ పరీక్షకి పనికిరాదు. ఇంతసేపూ లొట్టలేస్తూ తిన్న మాంసం వీటి చోటే ఉండి వచ్చిందని తలుచుకోగానే కడుపులోదంతా గోడవారన కక్కేశాడు. కక్కినా రోత పోలేదు. అది మాంసం మీది రోత కాదు. ఒక్క పూట పెద్దరికం కోసం రెండేళ్ల పనిని బయట పడేయించిన ఆ మనిషి మొహం చూడాలంటేనే అసహ్యం వేసింది.

లోపలికొచ్చి జరిగింది చెప్పాడు. ఎల్స్‌బెత్ మొహం పాలిపోయింది. కాసేపయ్యాక అతన్ని పక్కకి పిలిచి మెల్లగా అంది.

"సౌర పరికరం చెడిపోయి నమూనాలు పాడయ్యాయని రాద్దాం డాక్టర్. అసలు సంగతి తెలిస్తే మావాళ్ళు ఇక మీకేమీ ఇవ్వరు."

ఆమె చెప్పిందాంట్లో అబద్ధమెంతో నిజమూ అంతే ఉంది. ఆ నిజమే నష్వాన్‌కి ఇంకా రోత పుట్టించింది.

అప్పటికే అబ్దుల్ ఖవీ దిండుకి ఆనుకుని మత్తుకి నమిలే ఖాత్ ఆకు బుగ్గన పెట్టాడు. "ఎందుకయ్యా అంత మొహం మాడ్చుకుంటావు? కలరా ఏమన్నా దేశం వదిలి పోయిందా? మళ్ళీ పోగుచేసుకో."

నష్వాన్ ఖాళీ సీసాలు కొన్ని జేబులో వేసుకుని ఆసుపత్రికి పోయాడు. లహజ్ వైపు పల్లెల నుంచి అప్పుడే తెచ్చిన పిల్ల ఒకతి, కళ్ళు గుంటలు పడి, మంచం మీద వాలిపోయి ఉంది. తల్లి చేతిలో మందు పొట్లం.

"పెద్దదానికీ ఇదే ఇచ్చారు డాక్టరు బాబూ. అది దక్కలేదు. దీనికైనా పనిచేస్తుందా?"

"తెలీదమ్మా," అని, సీసా మీద రాసుకోవడానికి ఆ పిల్ల పేరడిగాడు.