వెనక్కి అడిగిన పళ్లు

"ఎన్ని ఇళ్లకి ఇచ్చారమ్మగారూ?" అని అడిగాడు హిదాకా. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పదకొండు ఇళ్లకి," అంది మసుమి. "మా పెరటి చెట్టు పళ్లు, ఇంటికి ఐదేసి. హత్సుయె పిన్నికి మాత్రం ఏడు. ఏటా ఇచ్చేవే కదా బాబూ, ఇప్పుడేమైంది?"

"ఏటా మీవారు పోస్ట్‌మాస్టర్. ఈ ఏడు మేయర్ పదవికి నిలబడ్డారు. నిలబడ్డవాడి ఇంటి నుంచి ఓటరు గడపలోకి పండు వెళ్లినా లంచమే అంటారు. అవతలివాళ్లు ఒక్క ఫోటో తీసి పోలీసులకిచ్చారంటే మన కొంప మునిగినట్టే. వెంటనే వెళ్లి తెచ్చెయ్యండి."

"ఇచ్చినవి వెనక్కి అడగడమా! ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఈ మొహమే. కాస్త నవ్వుతూ. ఇంకో సంగతి, మనం గెలిస్తే నాలుగేళ్లూ ఇంతే. ఈ ఊళ్లో మీరెవరికీ ఏమీ పెట్టకూడదు."

హిదాకాకి ముప్ఫై నాలుగేళ్లు. ఎన్నికలు గెలిపించడం అతని వృత్తి. మసుమి భర్త తెత్సువోకి చిన్ననాటి స్నేహితుడొకడు, వేడినీళ్ల ఊట పక్కన హోటల్ నడిపేవాడు, సొంత డబ్బు పోసి హిదాకాని టోక్యో నుంచి పిలిపించాడు. అవతల పన్నెండేళ్లుగా కుర్చీ దిగని మేయర్, ఆయన వెనక రోడ్ల కాంట్రాక్టర్లు. ఆ డబ్బుకి ఈ డబ్బు సమాధానం అన్నమాట. హిదాకా వచ్చీ రాగానే తెత్సువో జుట్టు కత్తిరింపించాడు, టై మార్చాడు, జనం కనబడితే నడవకుండా పరిగెత్తి వెళ్లి దండం పెట్టాలన్నాడు. అరవై రెండేళ్ల మనిషి ఎన్నికల ఆనవాయితీ ప్రకారం తెల్ల చేతిగ్లవుజులు వేసుకుని వీధుల్లో పరిగెడుతుంటే మసుమికి నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. ఆయనకి ఆ పదవి ఎంత కావాలో ఆమెకి తెలుసు. కొండమీది ఊళ్లకి బస్సు మళ్లీ తెప్పిస్తానని పోస్టాఫీసులో కూర్చున్న రోజుల నుంచీ అంటున్నాడు.

అందుకే బుట్ట పట్టుకుని బయల్దేరింది. ఏమీ ఎరగనట్టు ఫోన్ పట్టుకుని హిదాకా వెనకాలే నడిచాడు.

చేపల కొట్టావిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "రెండు తినేశాను మసుమి గారూ. తొక్కలున్నాయి, ఇమ్మంటారా?" బడి పంతులుగారు మాత్రం ఐదు పళ్లూ తుడిచి, లెక్కపెట్టి, రసీదు కూడా అడిగాడు. పదిళ్లు తిరిగేసరికి మసుమి సగం చచ్చింది. ఇక మిగిలింది కొండ చివర హత్సుయె ఇల్లు.

ఎనభై నాలుగేళ్ల హత్సుయె ఒంటరి మనిషి. కాళ్లు సరిగా లేవు, ఊళ్లోకి దిగదు. మసుమి ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో వంట నేర్పింది ఆవిడే. ఇప్పుడు వారానికోసారి మసుమి ఏదో ఒకటి పట్టుకెళ్లి ఇస్తుంది, ఓ గంట కూర్చుంటుంది. ఉత్తచేతులతో ఎప్పుడూ వెళ్లలేదు.

పళ్ల సంగతీ, గెలిస్తే నాలుగేళ్లు ఏమీ తేకూడదన్న సంగతీ విని హత్సుయె లోపలి గది వైపు చూసింది.

"ఆయనకి పెట్టేశానే అమ్మాయ్," అంది.

గదిలో పోయిన పెద్దలకి దండం పెట్టుకునే గూడు. అందులో ఆమె భర్త ఫోటో ముందు ఏడు పళ్లూ టమాటాల్లా ఎర్రగా మెరుస్తున్నాయి. చనిపోయినవాడికి పెట్టినవి. మసుమి బుట్టని వెనక్కి లాక్కుంది. "వద్దులే పిన్నీ, ఉంచెయ్," అంది.

"మీ ఆయన్ని జైల్లో పెట్టిస్తావా? ఆగు." హత్సుయె గూడు ముందు కూలబడి చిన్న గంట మోగించింది. "ఏమండోయ్, ఇది గవర్నమెంటు రూలట. మసుమి తప్పేం లేదు. కోపం తెచ్చుకోకండి. తిన్నంతవరకు తిన్నారనుకుని ఇచ్చెయ్యండి." ఒక్కో పండూ తీసి బుట్టలో పెట్టింది. ఆఖరి పండు దగ్గర కళ్లనీళ్లు ఆగలేదు. మసుమీ ఏడ్చింది.

గుమ్మం దగ్గర హిదాకా ఫోన్ దించాడు. అతని కళ్లూ ఎర్రబడ్డాయి, అబద్ధం చెప్పకూడదు. కానీ దార్లోకి రాగానే గొంతు మారిపోయింది.

"అమ్మగారూ, గెలిచాం! నా అంచనాలో మూడొందల ఓట్లు వెనకబడి ఉన్నాం. ఈ ఒక్క నిమిషం వీడియో చాలు. చచ్చినవాడి ముందు నుంచి కూడా పళ్లు తీసుకొచ్చేంత నిజాయితీ! దీన్ని ఊళ్లో ప్రతి ఫోన్‌కీ చేర్చడానికి మన దగ్గర డబ్బుంది."

"ఆవిడ ఏడుపు ఊరందరికీ చూపిస్తావా?"

"ఆవిడకి మాత్రం చెడేముంది?"

మసుమి అతన్ని నేరుగా ప్రచార ఆఫీసుకి తీసుకెళ్లి భర్త ముందు నిలబెట్టింది. తెత్సువో వీడియో రెండుసార్లు చూశాడు. మూడోసారి చూడబోయి ఆగాడు. ఆయన గెలవాలనుకుంటున్నాడని, చాలా గట్టిగా అనుకుంటున్నాడని భార్యకి ఆ మెడ వంపులోనే కనబడింది.

"హత్సుయె గారిని అడిగావా?" అన్నాడు హిదాకాతో.

"అడిగితే సహజంగా రాదు సార్."

తెత్సువో గ్లవుజులు తీసి బల్ల మీద పెట్టాడు. "చెరిపెయ్యి."

"సార్, ఇది లేకపోతే ఓడిపోతాం. రాసిస్తాను."

"విన్నాను. చెరిపెయ్యి నాయనా."

ముప్ఫై ఐదేళ్ల కాపురంలో మసుమికి ఆ మనిషి మీద అంత ప్రేమ ఎప్పుడూ పొంగలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఆదివారం ఓట్లు పడ్డాయి. తెత్సువో అరవై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. హిదాకా నడుం వంచి నమస్కారం పెట్టి రైలెక్కాడు.

సోమవారం పొద్దున్నే ఇంటి ముందు టాక్సీ ఆగింది. అందులోంచి కర్ర, కర్ర వెనక హత్సుయె దిగారు. ఎన్నేళ్లకో తన గుమ్మానికొచ్చిన మనిషిని చూసి మసుమి చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

"మీ ఆయన ఉన్నాడా?"

"పడుకున్నారు పిన్నీ. లోపలికి రా."

హత్సుయె చాప మీద కూర్చుని, కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ నేలకానించి తల వంచింది. "నేను మీ ఆయనకి ఓటెయ్యలేదు."

మసుమి వెళ్లి పడగ్గది తలుపు దగ్గరగా వేసొచ్చింది.

"వేద్దామనే టాక్సీ పిలిపించుకుని వెళ్లాను. ఓటు చీటీ మీద పేరు రాయడానికి పెన్సిల్ పట్టుకున్నాను. ఆయన గెలిస్తే నాలుగేళ్లు నువ్వు ఏమీ తేకూడదంటిరి. ఉత్తచేతులతో రావడానికి నువ్వు సిగ్గుపడతావు, మెల్లగా రావడమే మానేస్తావు అనిపించింది. నాలుగేళ్లు నేను బతకను మసుమీ. అందుకని అవతలాయన పేరు రాసొచ్చాను. ఆ మనిషంటే నాకు గిట్టనే గిట్టదు."

మసుమి ఆవిడ వంచిన తలని తన ఒడిలోకి తీసుకుంది.

"లే పిన్నీ. అరవై మూడు ఓట్లు తక్కువయ్యాయి. నీ ఒక్కదాని వల్ల కాదు."

"అయినా తప్పే కదా."

"తప్పే." మసుమి పడగ్గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను ఆయన పేరే రాశాను. కానీ పెన్సిల్ పట్టుకుని ఎంతసేపు నిలబడిపోయానంటే, అక్కడి గుమస్తా వచ్చి, ఒంట్లో బావుందా అమ్మా అని అడిగాడు."